పెద్ద పేరున్న బైకులు మన మార్కెట్లో నిలుస్తాయా?

ప్రశ్న: రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు ఇంత పట్టున్న మన దేశంలో హార్లీ డేవిడ్‌సన్, ట్రయంఫ్ వంటి విదేశీ కంపెనీల అమ్మకాలు నిజంగా పెరుగుతాయా? హార్లీ ఒకసారి దుకాణం సర్దుకుంది కదా, మళ్లీ అలా జరగదని నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పెరిగే అవకాశం ఉంది. అయితే పేరు ఒక్కటే చూసి లక్షలు పోసేవారు మన దగ్గర చాలా తక్కువ. హార్లీ మొదటిసారి దెబ్బతిన్నది ఇక్కడే. హర్యానాలోని బావల్‌లో అసెంబ్లీ ప్లాంటు పెట్టి, 2014లో స్ట్రీట్ 750ని 4.10 లక్షల రూపాయలకు తెచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 650ని 2.50 లక్షల ప్రారంభ ధరకే ఇచ్చింది. 2020 సెప్టెంబరులో హార్లీ ఇక్కడి తయారీని ఆపుతున్నట్లు ప్రకటించినప్పుడు అందరికంటే ఎక్కువగా నష్టపోయింది డీలర్లు, ఆ బైకులను అప్పటికే కొన్నవారు.

రెండోసారి వచ్చిన తీరు వేరు. 2023 జులైలో హీరో మోటోకార్ప్ తయారుచేసిన హార్లీ ఎక్స్440 2.29 లక్షలకు, అదే నెలలో బజాజ్ తన చాకన్ ప్లాంటులో తయారుచేసిన ట్రయంఫ్ స్పీడ్ 400 2.33 లక్షలకు మార్కెట్లోకి వచ్చాయి. పేరు విదేశానిది, ఖర్చు లెక్క మన దేశానిది కావడమే ఈ రెండింటి బలం.

ఇంతలో పన్ను అడ్డుపడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గగా, అది దాటిన వాటిపై సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్న పన్ను 40 శాతానికి చేరింది. పన్నుకు ముందు 2 లక్షల ధర ఉన్న బైకునే తీసుకోండి. ఇదివరకు చిన్న ఇంజనుదైతే 2.56 లక్షలు, పెద్ద ఇంజనుదైతే 2.62 లక్షలు, అంటే తేడా 6 వేలు. ఇప్పుడు 2.36 లక్షలు, 2.80 లక్షలు, అంటే తేడా 44 వేలు. దీనిమీద లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు అదనం. రాయల్ ఎన్‌ఫీల్డ్ అమ్మకాలకు ఆయువుపట్టయిన క్లాసిక్ వంటి బైకుల ఇంజను 349 సీసీ కనుక తగ్గింపు వాటికి పూర్తిగా దక్కింది. స్పీడ్ 400, ఎక్స్440 రెండూ 350 సీసీ గీతకు అవతలే మిగిలాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కీ, 650లకూ ఇదే భారం పడింది గాని, ఆ కంపెనీకి ఆసరాగా 350లు ఉన్నాయి.

పన్ను పెరిగినప్పుడు ఆ భారాన్ని ప్రస్తుతానికి తామే మోస్తామని బజాజ్ ప్రకటించింది. చాకన్‌లో ఏళ్ల తరబడి ఆస్ట్రియా కంపెనీ కేటీఎం బైకులు తయారుచేసి అమ్మిన అనుభవం కూడా ఆ కంపెనీకి ఉంది. అందువల్ల ఈ రెండింటిలో ట్రయంఫ్‌కే మెరుగైన భవిష్యత్తు ఉందని నా అభిప్రాయం. హార్లీ విషయంలో మీ భయం అర్థం చేసుకోదగినదే. కాకపోతే ఎక్స్440 తయారీ, అమ్మకం, సర్వీసు హీరో చేతిలోనే ఉన్నాయి కనుక, కొన్నవారు మునుపటిలా దిక్కులేకుండా మిగిలే ప్రమాదం తక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది జిల్లా కేంద్రాల్లో సర్వీసు. చిన్న చిన్న పనులకు కూడా హైదరాబాద్‌కో విజయవాడకో బండిని తీసుకుపోవలసి వస్తే, కొన్నవారే పదిమందికి వద్దని చెబుతారు. షోరూములో ఎంత ఖర్చుపెట్టినా ఆ మాటను తుడిచివేయడం కష్టం.

ప్రశ్న: 400 సీసీ బైకు కొనాలని ఉంది. పన్ను తగ్గేదాకా ఆగమంటారా?
– మరొక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆగవద్దు, పన్ను ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. డీలరును ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాసి ఇమ్మనండి. చైన్ స్ప్రాకెట్ సెట్, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్ల ధరలు, అవి నెల్లూరులోనే దొరుకుతాయా అన్నదీ అడ్వాన్సు కట్టకముందే సర్వీసు విభాగంలో కనుక్కోండి.