మూడు కంప్యూటర్లు, ఒక్క వాకిలి

ప్రశ్న: మాది ఆదోని. ఓ జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను. మిల్లులో మూడు కంప్యూటర్లున్నాయి. ఆఫీసులో ట్యాలీది, వేబ్రిడ్జి గదిలో కాటా చీటీలు కొట్టేది, గోడౌన్లో బేళ్ల స్టాకు రాసేది. పత్తి సీజన్లో రాత్రిపూట ఇంటి నుంచే మూడూ చూసుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్ కోసం రూటర్లో 3389 పోర్టు తెరిస్తే ట్యాలీది వస్తోంది, తక్కిన రెండూ రావు. కాటా దానికి మారిస్తే ట్యాలీ పోతోంది. మూడు ఇంటర్నెట్ కనెక్షన్లు తీసుకోమని ఒకాయన చెప్పినాడు. తీసుకోవాల్సిందేనా?
- ఓ గుమాస్తా, ఆదోని

జవాబు: వద్దు సామీ, ఆ డబ్బు మిగుల్చుకోండి. మీ మిల్లు మొత్తానికి బయటికి కనపడే అడ్రసు ఒక్కటే, అది రూటర్‌ది. లోపలున్న 192.168.1.10, 11, 12 అనేవి కాంపౌండు లోపలి గదుల నెంబర్లు. వరసగా ట్యాలీ, కాటా, గోడౌన్ అనుకుందాం. వీధిలో వాటిని అడిగితే చెప్పేవాడుండడు. దూరం నుంచి కంప్యూటర్ తెరిచే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా 3389 పోర్టులోనే వింటుంది. పోర్టంటే తలుపు నెంబరు అనుకోండి. బయట నుంచి 3389 అంటూ వచ్చినవాణ్ణి ఏ గదికి పంపాలో రూటర్‌కు ఒక్క గది పేరే రాసివ్వగలం. అందుకే ఒకటి వస్తే ఇంకొకటి పోతోంది.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. బయటి నెంబర్లు వేరువేరుగా పెట్టడం. రూటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీకి పోయి, బయటి 3390ని 192.168.1.11లోని 3389కి, బయటి 3391ని 192.168.1.12లోని 3389కి కలపండి. ఇంటి దగ్గర రిమోట్ డెస్క్‌టాప్‌లో మిల్లు అడ్రసు కొట్టి, పక్కన కోలన్ పెట్టి 3391 అంటే గోడౌన్ తెరుచుకుంటుంది. కొన్ని చవక రూటర్లు బయటా లోపలా ఒకే నెంబరు ఉండాలని మొరాయిస్తాయి. అప్పుడు ఆ కంప్యూటర్ రిజిస్ట్రీలోనే, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటే, పోర్టు మార్చి, విండోస్ ఫైర్‌వాల్లోనూ కొత్త నెంబరుకు దారి ఇవ్వాలి. మూడింటికీ లోపలి అడ్రసులు మారకుండా రూటర్లో కట్టేయడం మరవద్దు. కరెంటు పోయి వచ్చినాక కాటా మిషన్‌కు కొత్త అడ్రసు వచ్చిందంటే మీ కష్టమంతా గాలికి పోయినట్టే. ఇంకోటి, మిల్లులో కూర్చునే బయటి అడ్రసు కొట్టి చూసి ‘రావట్లేదు’ అనుకోకండి. చాలా రూటర్లు లోపలివాణ్ణి బయట తిప్పి మళ్లీ లోపలికి తీసుకురావు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని చూడండి.

మీరడిగినదానికి జవాబు అయిపోయింది. ఇప్పుడు అది చేయొద్దని చెప్తాను.

కొన్నేళ్ల కింద తాడిపత్రిలో ఓ బండల పాలిష్ ఫ్యాక్టరీకి ఇదే పని చేసిపెట్టినాను. 3389 అందరికీ తెలిసిన నెంబరు గదా అని 50500 పెట్టి, గొప్ప తెలివి చేసినాననుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఫోను: ‘సార్, ఫైళ్ల పేర్లన్నీ ఏందో మాదిరి మారిపోయినాయి.’ కర్నూలు నుంచి బస్సెక్కి పోయి, జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే పేజీల కొద్దీ 4625లే. తప్పు పాస్‌వర్డుతో తలుపు తట్టినప్పుడు విండోస్ రాసుకునే నెంబరు అది. అడ్మిన్ అని ఒకసారి, యూజర్ అని ఒకసారి, ట్యాలీ అని ఒకసారి, సెకన్ల తేడాతో. తెల్లవారుజామున ఒక్క 4624 ఉంది. అంటే తలుపు తెరుచుకుంది, దొంగ లోపలికి వచ్చి ఫైళ్లన్నీ పనికిరాకుండా చేసినాడు. యూజర్ పేరు ట్యాలీ, పాస్‌వర్డు ట్యాలీ123. తాళం వేసినాను గాని గొళ్లెం మరిచినాను అన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది. బ్యాకప్ డిస్కు ఆ మిషన్‌కే తగిలించి ఉన్నింది, అదీ పోయింది. వాళ్ల ముసలి గుమాస్తా ప్రతి నెలా లెడ్జర్లు ప్రింటు తీసి దారం కట్టి పెట్టేవాడు. ‘కాగితం దండగ’ అని ఆయన్ని ఎగతాళి చేసింది నేనే. పదకొండు రోజులు ఆ కాగితాలు చూసి మళ్లీ ఎక్కించినాము.

నెంబరు మార్చినంత మాత్రాన దాక్కున్నట్టు కాదు. ఉన్న పోర్టులన్నీ 65,535. వాటిని వరసగా తట్టుకుంటూ పోవడానికి మనిషి అక్కర్లేదు, ప్రోగ్రాము చాలు. పాస్‌వర్డు గట్టిగా ఉందన్న ధీమా కూడా పనికిరాదు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపానికి పాస్‌వర్డుతో పనే లేదు. పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లోని ఆ లోపం కోసం మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ (మరమ్మతు) ఇచ్చింది. మీ కాటా గదిలో ఇంకా విండోస్ 7 నడుస్తోందని నా అనుమానం. కాటా గదుల్లో అదే ఉంటుంది.

కాబట్టి మూడు గదులకు మూడు వీధి తలుపులు కొట్టించకండి. కాంపౌండుకు ఒక్క గేటు పెట్టి, మీరు లోపలికి పోయినాక ఏ గదికైనా నడవండి. ఆ గేటు పేరు వీపీఎన్. నేను వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడతాను. అది ఉన్న రూటర్ దొరుకుతుంది, మైక్రోటిక్ కంపెనీ కొత్త రూటర్లలో వస్తోంది. మామూలుగా యూడీపీ రకం పోర్టు 51820 ఒక్కటి తెరిస్తే చాలు. తాళంచెవి లేనివాడు తడితే అది ‘ఎవరు?’ అని కూడా అనదు, గోడ మాదిరి ఉంటుంది. మనిషికో తాళంచెవి చేయండి. ఎవరైనా మానేస్తే ఆ ఒక్కటి తీసేస్తే సరి. గేటు దాటినాక మూడు మిషన్లకూ లోపలి అడ్రసులతోనే పోవచ్చు, 3389 మార్చే పనే లేదు. రూటర్లో పాతగా తెరిచినవన్నీ మూసేయండి.

ఒకచోట మాత్రం తట్టుకునే ప్రమాదముంది. మీ ఇంటి రూటర్ కూడా 192.168.1 వరసలోనే ఉండొచ్చు. అప్పుడు 192.168.1.10 అంటే మీ కంప్యూటర్ ఇంట్లోనే వెతుక్కుంటుంది, మిల్లుకు పోదు. నేను ఒక పూటంతా దీంతో తల పగలగొట్టుకున్నాను. ముందే మిల్లు వరసను 192.168.57 అనో ఇంకేదో అనో మార్చేయండి.

మొదలుపెట్టే ముందు రూటర్ పేజీలో WAN అడ్రసు, అంటే బయటివైపు అడ్రసు, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఒకే అడ్రసును నలుగురికి పంచినట్టు. పోర్టులు ఎన్ని తెరిచినా ఎవరూ రాలేరు. స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత అడ్రసు అడగండి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి. అది లోపలి నుంచే బయటికి దారి వేసుకుంటుంది.

రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే అని మైక్రోసాఫ్ట్‌దే ఒకటుంది, 443 పోర్టు మీద నడుస్తుంది. ఇరవై సర్వర్లున్న చోట బాగుంటుంది. విండోస్ సర్వర్, లైసెన్సులు, సర్టిఫికెట్టు కావాలి. మీ మూడింటికి అది పెళ్లి పందిరంత హంగామా.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు బంగారు అంగడి ఉంది. నేను ఇంటి నుంచి రిమోట్‌లో లోపలికి పోతే అంగట్లో కూర్చున్న మా తమ్ముడి స్క్రీన్ లాక్ అవుతోంది. వైరస్సా?

జవాబు: కాదు. విండోస్ ప్రోలో ఒకసారికి ఒక్కరే. మీరు ఒకే పేరుతో పోతున్నారు కాబట్టి ఆయన్ని లేపి మీరు కూర్చుంటున్నారు. ఇద్దరూ ఒకేసారి పని చేయాలంటే విండోస్ సర్వర్, దాని మీద యూజర్ లైసెన్సులు కొనాలి. ఒక ఫైలు మారిస్తే ప్రోలోనే ఇద్దరు కూర్చోవచ్చని ఎవరైనా చెప్తే వినకండి. విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు అది ఆగిపోతుంది, అదీ సరిగ్గా అక్షయ తృతీయ నాడు.