పాలిచ్చే రోజుల్లో లాసిక్ ఎందుకు వద్దంటారు?

"పాప ఇంకా పాలు తాగుతోంది. రెండు రోజులు పాలు పిండి పారబోసి లాసిక్ చేయించుకుంటే సరిపోదా?" అని అడిగారు. లాసిక్ అంటే కళ్లద్దాల అవసరం తగ్గడానికి కార్నియాను, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొరను, లేజర్‌తో చెక్కే ఆపరేషన్. రెండు రోజులు సరిపోదు. మీ దిగులంతా మందుల గురించి. అసలు చిక్కు కొలతలో ఉంది.

లేజర్‌తో బిడ్డకు భయం లేదు. చెక్కడానికి వాడే 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ కిరణం కార్నియాలోనే ఇంకిపోతుంది, కంటి లోపలికే చేరదు. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు ఒంట్లోకి వెళ్లేది కొంచెమే. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు నొక్కిపట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. కంగారు తగ్గడానికి ముందు ఇచ్చే డయాజెపామ్ మాత్ర పాలలోకి వెళ్తుంది గానీ, దాన్ని మానేయవచ్చు.

కార్నియాను అలా సర్దలేం. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి కాళ్లు వాచినట్టే కార్నియా కూడా కాస్త ఉబ్బుతుంది. మందం, వంపు రెండూ మారతాయి, పవరు కదులుతుంది. ఏళ్ల తరబడి వాడిన కాంటాక్ట్ లెన్సు ఏడో నెలలో కంట్లో నిలవకపోవడానికి ఇదొక కారణం, కన్ను పొడిబారడం ఇంకొకటి. కాన్పుతోనే అంతా సర్దుకోదు, పాలిచ్చినన్నాళ్లూ హార్మోన్లు పాత తీరుకు రావు.

లెక్క చూడండి. అసలు పవరు మైనస్ 4, ఉబ్బిన కన్ను మైనస్ 4.75 చూపించింది అనుకుందాం. 6 మిల్లీమీటర్ల వెడల్పులో ఒక్కో డయాప్టర్‌కి (పవరు కొలిచే ప్రమాణం) సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చెక్కాలి. అంటే 48 పోవలసిన చోట 57 పోయాయి. వాపు దిగాక ఆ కన్ను ప్లస్ 0.75 దగ్గర తేలుతుంది. చెక్కినదాన్ని మళ్లీ అతికించే మిషను లేదు. పవరు ఎక్కువున్న వాళ్లకి ఇంకో గండం. మైనస్ 9, మందం 520 మైక్రాన్లు. ఫ్లాప్‌కి (చెక్కే ముందు కార్నియా మీద మూతలా లేపే పలుచని పొర) 110, చెక్కడానికి 108 పోతే 302 మిగులుతుంది, 300 ఉండాలనే సర్జను కూడా సరే అంటాడు. కానీ అందులో 15 మైక్రాన్లు వాపే అయితే నిజంగా మిగిలేది 287. కార్నియా ముందుకు ఉబ్బే ఎక్టేసియా ముప్పు ఇలాంటి అంచుమీది కళ్లకే ఎక్కువ. అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన లాసిక్ లేజర్ల పత్రాల్లో గర్భిణులకూ పాలిచ్చేవాళ్లకూ వద్దని రాసి ఉన్నది ఊరికే కాదు. "ఆఫర్ ఈ నెలే, వచ్చేయండి" అని ఫోన్ చేసే కౌన్సెలర్లు ఈ మాట చెప్పరు.

పాలు పూర్తిగా మాన్పించాక కనీసం 3 నెలలు ఆగండి. సాఫ్ట్ లెన్సులు రెండు వారాలు, గట్టి లెన్సులు నాలుగు వారాలు తీసేసి పరీక్షకు వెళ్లండి. కొన్ని వారాల తేడాతో రెండుసార్లు కొలిపించి, గర్భానికి ముందు చీటీ పక్కన పెట్టి చూడండి. తేడా 0.5 డయాప్టర్ దాటితే ఇంకా ఆగాల్సిందే. ఆపరేషన్ అయ్యాక కూడా కొన్నాళ్లు పిల్లను ఎత్తుకునేటప్పుడు కళ్లకు అద్దాలు ఉండాలి. చంటిపిల్ల వేలు కంట్లో పడితే ఫ్లాప్ పక్కకు జరిగిపోవచ్చు.

అన్నట్టు, లేజర్ అనగానే అన్నీ ఒకటే అనుకుని కొందరు రెటీనా (కంటి వెనకవైపు తెర) లేజర్‌ని కూడా కాన్పు దాకా వాయిదా వేస్తారు. అది చాలా తప్పు. షుగరు వల్ల రెటీనా చెడుతున్నా, రెటీనాకు చిరుగు పడినా, డాక్టరు అవసరమంటే గర్భంతో ఉండగానే చేయించాలి. మైనస్ పవరు ఉంది కాబట్టి సిజేరియనే అనే మాటకూ ఆధారం లేదు. ఇక అయిదో నెల దాటాక ఉన్నట్టుండి చూపు మసకబారి మెరుపులు కనిపిస్తే, పవరు మారిందనుకుని కూర్చోకండి, అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు, ఆ రోజే బీపీ చూపించుకోండి.