వీల్‌చెయిర్‌తో ఇల్లినాయ్‌కి: చెల్లెల్ని పంపండి

మీ చెల్లెలికి అమెరికాలో అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చినా, అంత పెద్ద క్యాంపస్‌లో వీల్‌చెయిర్‌తో ఎలా తిరుగుతుందోనని అమ్మగారు పంపనంటున్నారని రాశారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతోందండీ. కానీ చూసి చూసి మంచి చోటే దొరికింది తనకి.

1867 నాటి ఆ యూనివర్సిటీలో వికలాంగ విద్యార్థుల కోసం 1948లోనే ప్రత్యేక విభాగం పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులను చదివించాలని టిమ్ న్యూజెంట్ అనే ఆయన పట్టుబట్టి నడిపారు. ఆయన పేరు మీద ఇప్పుడొక హాస్టలే ఉంది. నేల కూడా మన డెల్టాలా చదును. సిటీ బస్సులకు ర్యాంపులున్నాయి. ఇబ్బందల్లా చలికాలం మంచుతోనే.

ఇక ఆలస్యం చేయకుండా చెల్లెల్నే డీఆర్ఈఎస్ (నేను చెప్పిన ఆ ప్రత్యేక విభాగమే) ఆఫీసుకి మెయిల్ పెట్టమనండి. అక్కడ విద్యార్థి నోరు తెరిచి అడగాలి, మనం అడిగితే కుదరదు. డాక్టరు లెటర్ ఇంగ్లిష్‌లో జతచేయాలి. ‘వీల్‌చెయిర్ వాడతాను’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. కుర్చీ వెడల్పు ఎన్ని అంగుళాలు, మంచం మీద నుంచి కుర్చీలోకి తనంతట తాను మారగలదా, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఏ పక్క కావాలి, ఇవన్నీ రాయాలి. గది ఖాయం చేసుకునే ముందే ఈ మెయిల్ వెళ్లాలండీ.