తమ్ముడికి లెక్క చూపించండి

పర్లాకిమిడి నుంచి ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని రాశారు. వయసు 49. నాన్నగారు పోయాక వ్యాపారం, తమ్ముడి చదువు, పెళ్లి అన్నీ తనే చూసుకున్నారు. 2020 లాక్‌డౌన్‌లో అమ్మకాలు ఆగిపోతే బ్యాంకు అత్యవసర రుణం తీసుకున్నారు. అది తీరింది, ఆర్డర్లు మళ్లీ వస్తున్నాయి. మనిషికే ఊపు రావడం లేదట. రోజూ పొద్దున్న గేటు ముందు కారు ఆపి, ఏసీ వేసుకుని అరగంట అందులోనే కూర్చుంటున్నారు. విశాఖలో ఐదు రోజుల నాయకత్వ శిక్షణ శిబిరం ఉంది, ఫీజు 45 వేలు, వెళ్లమంటారా అని అడిగారు. ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో మాట: ‘ఫర్మ్ పేరు మీద ఒక షావుకారు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చాను. తమ్ముడికి చెప్పలేదు.’

శిబిరానికి వెళ్లకండి. ఆ 45 వేలు షావుకారుకి అసలు కింద కట్టండి, నెలకు 900 వడ్డీ తగ్గుతుంది. ఇక ఆ విషయం వదిలేద్దాం.

మీరు అలసిపోవడం నిజం, దానికి కారణమూ ఉంది. అత్యవసర రుణానికి మొదటి ఏడాది వడ్డీ కడితే సరిపోయింది. ఆ తర్వాత 36 వాయిదాలు మొదలయ్యాయి. పక్కన క్యాష్ క్రెడిట్ (సరుకు హామీ మీద పరిమితి మేరకు వాడుకునే బ్యాంకు అప్పు) వడ్డీ ఎలాగూ ఉంది. జీడిపిక్కలు దిగే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో చేతిలో ఉండాల్సిన డబ్బు వాయిదాలకు పోయింది. జూన్‌లో వ్యాపారుల దగ్గర అరువుకు, ఎక్కువ ధరకు, వాన తగిలిన సరుకు కొన్నానని మీరే రాశారు. తేమ పట్టిన పిక్కలో పప్పుకి మచ్చ వస్తుంది, గుండు (విరగని పప్పు) తగ్గి బద్ద, ముక్క పెరుగుతాయి. మూడు సీజన్లు ఇలా గడిస్తే ఎవరికైనా ఓపిక పోతుంది. దీన్నే బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనిలోని తీరని ఒత్తిడి నుంచి వచ్చే స్థితిగా వివరించి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరగడం, చేసేదేదీ ఫలించడం లేదనిపించడం. ఎండిన పప్పుని రెండు వేళ్లతో విరిచి, చప్పుడు విని బోర్మాలోంచి, అదే పప్పు ఎండబెట్టే వేడి గదిలోంచి, తీయమనే మీరు ఇప్పుడు బోర్మా వైపే వెళ్లడం లేదన్నారు. ఆ రెండోది అదే.

కానీ రుణం తీరాక కూడా ఇది ఎందుకు వదలడం లేదు? ‘వాడు చిన్నవాడు, వాడికెందుకు ఈ బాధ’ అని రాశారు. ఆ చిన్నవాడికి 41 ఏళ్లు. బాయిలింగ్, కటింగ్ పధ్నాలుగేళ్లుగా ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. ఇంటికి పెద్దకొడుకు బరువు మోయాలని నేనూ గట్టిగా నమ్ముతాను. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చూడడం కూడా ఆ పెద్దరికంలో భాగమే. మీరు రోజూ కారులో కూర్చుంటున్నది ఫ్యాక్టరీ అంటే భయపడి అనుకోను. లోపల తమ్ముడు ఎదురుపడతాడు, ఆయన ముఖం చూసి మరో రోజు నటించాలి. ఆ అరగంట అందుకే.

ఇందులో చట్టం కూడా ఉంది. 1932 భాగస్వామ్య చట్టం 9వ సెక్షన్ ప్రకారం మీ అన్నదమ్ముల్లా ఫర్మ్‌లో భాగస్వాములైనవారు ఒకరికొకరు నిజమైన లెక్కలు, పూర్తి సమాచారం ఇవ్వాలి. 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ చేసిన అప్పుకి ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. అంటే మీరు మోస్తున్నాననుకుంటున్న ఆ 6 లక్షలు తనకు తెలియకుండానే మీ తమ్ముడి నెత్తిన కూడా ఉన్నాయి. నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేల వడ్డీ. ఇది ఆయన పిల్లల డబ్బు కూడా.

ఈ ఆదివారం టిఫిన్లయ్యాక మేడ మీద కూర్చోండి. ఫ్యాక్టరీలో వద్దు, అమ్మగారి ముందు అసలే వద్దు. నాలుగు కాగితాలు తీసుకెళ్లండి: పన్నెండు నెలల క్యాష్ క్రెడిట్ స్టేట్‌మెంటు, బ్యాంకుకి ఇచ్చిన ఆఖరి స్టాకు స్టేట్‌మెంటు, గోదాంలో నిజంగా ఉన్న బస్తాల లెక్క, చేబదుళ్ల జాబితా. రెండోదానికీ మూడోదానికీ తేడా ఉంటే ముందు అదే చెప్పండి. డ్రాయింగ్ పవర్, అంటే స్టాకును బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే మొత్తం, పెంచుకోడానికి బస్తాలు పెంచి రాయడం చాలాచోట్ల జరిగేదే. ఒకసారి పెంచితే ప్రతి నెలా పెంచాలి, రాత్రి నిద్ర అక్కడే పోతుంది.

బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయన్నారు. క్యాష్ క్రెడిట్‌లో పరిమితికి మించిన బాకీ వరసగా 90 రోజులుంటే ఖాతా మొండి బాకీ అవుతుంది. అంతదాకా రానివ్వకండి. 25 కోట్ల లోపు రుణాలున్న చిన్న పరిశ్రమల కోసం 2015లో కేంద్రం తెచ్చిన పునరుద్ధరణ విధానం ఉంది. బ్యాంకు పిలిచేదాకా ఆగక్కర్లేదు, మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్లండి.

పిక్కల కొనుగోలు తమ్ముడికి అప్పగించండి, మాటతో కాదు, చెక్కు మీద సంతకంతో. ప్రతి లాటులో పది బస్తాల నుంచి కలిపి తీసిన కిలో పిక్కలు కోసి, పప్పు తూచాకే ధర మాట్లాడనివ్వండి. 80 కిలోల బస్తాకి 20 కిలోల పప్పు రావాల్సిన చోట 18 వస్తే 500 బస్తాల మీద టన్ను పప్పు పోయినట్టు. ఈ పని మీకంటే ఆయనే బాగా చేస్తాడని మీ ఉత్తరమే చెబుతోంది. బ్యాంకు, అమ్మకాలు మీరు చూసుకోండి. మొదటి నెల ఆయన ఒక లాటు తప్పుగా కొనవచ్చు. ఆ రోజు మళ్లీ చెక్కుబుక్కు లాక్కున్నారంటే ఈ ఉత్తరమంతా వృథా.

వారానికొక రోజు ఫోన్ ఇంట్లో పెట్టేయండి. సరుకు గోదాంలోకి చేరాక పది రోజులు పూర్తిగా సెలవు తీసుకోండి. ఈలోగా బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. రెండు వారాలకు మించి తెల్లవారుజామున మెలకువ వచ్చి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. నేను లేకపోతే బాగుండు అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఆదివారం మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అనండి: ‘నీకో అప్పు సంగతి చెప్పలేదురా. తప్పు చేశాను. కాగితాలు ఇవిగో, నువ్వే చూడు.’ ఆయనకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఆయన మాట్లాడడం పూర్తయ్యేదాకా ‘నీ కోసమే చేశాను’ అనకండి.