ఓటీటీ ఉండగా పాత సినిమాల సీడీలు దాచుకోవడం అవసరమా?

అవసరమే. "స్థలం దండగ, ఇప్పుడు ప్లేయర్ ఎవరింట్లో ఉంది?" అని కూడా అడిగారు. నల్లగొండలో మా ఇంట్లో ఉంది. పక్కనే బీరువాలో నాలుగు వందల పైచిలుకు డిస్కులున్నాయి, చాలావరకు వీసీడీలే, అంటే సినిమా ఎక్కించిన సీడీలు. 2007 ప్రాంతంలో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు ఇచ్చినప్పుడు కొన్ని కొన్నాను. మిగతావి గడియారం సెంటర్ వైపు ఒక సీడీల షాపు మూసేస్తూ సంచుల్లో పోసి అమ్మినప్పుడు తెచ్చుకున్నవి.

పోయిన దసరాకు మా పెద్దనాయన దేవరకొండ నుంచి వచ్చాడు. ఒకప్పుడు టాకీసులో ఆపరేటర్. ఒక పాత బ్లాక్ అండ్ వైట్ పౌరాణికం పేరు చెప్పి "ఉందారా నీ దగ్గర?" అన్నాడు. ఓటీటీల్లో వెతికితే లేదు. యూట్యూబ్‌లో ఉంది గానీ పద్యాలన్నీ కోసేశారు, బొమ్మను అడ్డంగా సాగదీసి మనుషులను పొట్టివాళ్లను చేశారు. ఈ సాగదీసే రోగం ఎప్పుడు పోతుందో! నా దగ్గర రెండు వీసీడీల సెట్టు ఉంది. పెట్టాను.

బొమ్మ బాగుందని చెప్పను. వీసీడీ అంటే 352 బై 288 పిక్సెళ్లు, అంతే. పైగా అరిగిన ప్రింటు నుంచి ఎక్కించింది, నిండా గీతలు. కాసేపటికి పెద్దనాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "గదిగో చుక్క! చూసినవా?" తెర మీద కుడివైపు పైమూల ఒక తెల్లచుక్క మెరిసి మాయమైంది. టాకీసులో రెండు ప్రొజెక్టర్ మిషన్లుండేవి, ఒకదాంట్లో రీలు అయిపోవస్తోంది, రెండోది అందుకోవాలి అని ఆపరేటర్‌కు చెప్పే గుర్తు అది. "గది పడంగనే రెండో మిషన్ మోటారు నడపాలె. ఇగో, ఇంకోటొస్తది, అప్పుడు మార్చాలె." నేను లెక్కపెట్టాను. ఏడో ఎనిమిదో సెకన్లకు ఇంకో చుక్క వచ్చింది. ఆయన చెయ్యి దానంతటదే గాలిలో కిందికి కదిలింది. రీలు మారిన ప్రతిసారీ అదే. కంప్యూటర్‌లో శుభ్రంగా తుడిచిన కొత్త ప్రింట్లలో ఆ చుక్కలు చాలావరకు ఉండవు.

మొదటి డిస్కు అయిపోయింది. రెండోది తీశాను. బీరువాలో వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని ఎప్పుడో దాని మీద నంబరు రాసిన కాగితం అంటించాను. అంచు లేచి ఉంది, ప్లేయర్‌లో ఇరుక్కుంటుందేమోనని లాగాను. కాగితంతో పాటు వెండిపూత కూడా పొరలా ఊడొచ్చింది. డిస్కు ఎత్తి చూస్తే అవతల ట్యూబ్‌లైట్ కనబడింది. గుండె జారిపోయింది. పెద్దనాయన ఒక్క మాట అనలేదు, మిగతా కథంతా పద్యాలతో సహా ఆయనే చెప్పాడు.

అందరూ సీడీ కిందివైపు తుడుచుకుంటూ కూర్చుంటారు. అక్కడ గీత పడితే చాలాసార్లు పాలిష్ చేసి బాగు చేసుకోవచ్చు. సీడీ ప్రాణం పైవైపు ఉంటుంది. బొమ్మను మోసే అల్యూమినియం పూత లేబుల్ కిందే, వార్నిష్ లాంటి పల్చని పొర మాటున ఉంటుంది. అక్కడ గోరు గీసుకున్నా నష్టమే. డీవీడీలో ఆ పూత రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. నన్నడిగితే మన ఇళ్లలో చచ్చిన వీసీడీల్లో చాలావరకు పైవైపు నుంచే చచ్చాయి. నంబరు రాయాలంటే నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకపు వలయం మీద రాయండి. మన ఎండాకాలంలో కిటికీ దగ్గర అసలే పెట్టకండి.

డీవీడీలలోనూ అన్నీ కొనకండి. మూడు సినిమాలు ఒకే డిస్కులో కుక్కినవి ఉంటాయి చూడండి, వాటిని ముట్టుకోవద్దు. ఫైట్ రాగానే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఒక్క సినిమా ఉన్న డిస్కుకు పది రూపాయలు ఎక్కువైనా పెట్టండి. పెళ్లిళ్లకు వచ్చిన చుట్టాలకు అప్పు ఇవ్వకండి, కవర్లు తిరిగొస్తాయి గానీ లోపలివి రావు.

ఆ రాత్రే మొదటి డిస్కును హార్డ్‌డిస్కులోకి కాపీ చేశాను. రెండోదాని కోసం ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ బజారుకు రెండుసార్లు వెళ్లొచ్చాను. రెండోసారి ఆ సినిమా దొరికింది, అదీ ఒకటో డిస్కే. అయినా కొన్నాను. నా దగ్గరున్న దాని మీద కూడా కాగితం అంటించే ఉంది మరి.