ఎవరైనా కాపీ చేసుకోగల బొమ్మకు అంత ధర ఎందుకు?

బెంగళూరులో బొమ్మలు వేసే ఒక తెలుగు యువతి అడిగిన ప్రశ్న ఇది: ఫోనులో ఎవరైనా దాచుకోగల డిజిటల్ బొమ్మను లక్షలు పోసి కొనడమెందుకు? అలాంటి బొమ్మకు ముడిపెట్టి అమ్మే డిజిటల్ గుర్తును (టోకెనును) ఎన్‌ఎఫ్‌టీ అంటారు. దాన్ని కొన్నవారికి దక్కేది, ఫలానా టోకెను ఫలానా ఖాతాదేనని బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిసి ఉంచే ఉమ్మడి పద్దుపుస్తకంలో, అందరికీ కనబడే నమోదు మాత్రమే. బొమ్మ ఫైలు చాలాసార్లు వేరేచోట ఉంటుంది, కాపీరైటు విడిగా రాసిస్తే తప్ప చిత్రకారుడి దగ్గరే ఉంటుంది.

2017లో వచ్చిన క్రిప్టోపంక్స్ అనే ఎన్‌ఎఫ్‌టీలు ఇరవై నాలుగు పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న 10,000 ముఖాలు. మొదట్లో వాటిలో ఎక్కువ భాగాన్ని ఉచితంగానే పంచారు. తర్వాత వాటిని ప్రొఫైల్ చిత్రంగా పెట్టుకోవడమే ఒక బృందంలో సభ్యత్వానికి గుర్తయింది. ఈ సంస్కృతికి అసలు బలం అదేనని నా అభిప్రాయం. 2021 మార్చిలో బీపుల్ అనే డిజిటల్ చిత్రకారుడి ఎన్‌ఎఫ్‌టీ కృతి క్రిస్టీస్ అనే వేలం సంస్థ వేలంలో సుమారు 6.9 కోట్ల డాలర్లు పలికింది. 2022లో ఎన్‌ఎఫ్‌టీల మార్కెట్ కూలింది.

చిత్రకారులు ఆశపడింది మరొకందుకు. బెంగళూరులో ఏటా జరిగే బొమ్మల సంత అయిన చిత్రసంతెలో కుమారకృపా రోడ్డు మీద అమ్మిన పటం రేపు పదింతల ధరకు చేతులు మారినా గీసినవారికి సాధారణంగా పైసా అందదు, టోకెన్లలో మాత్రం ప్రతి మారు అమ్మకంలోనూ వాటా వస్తుందన్నారు. 2023 నాటికి టోకెన్లు అమ్మే పెద్ద వేదికలు కొన్ని ఆ వాటాను కొని అమ్మేవారి ఇష్టానికి వదిలేశాయి, ఇది అన్యాయమే. మన దేశంలోనైతే 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి టోకెన్లు అమ్మగా వచ్చే లాభాలపై 30 శాతం పన్ను ఉంది, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకోవడం కుదరదు.