సగంలో ఆపడం నేర్చుకో

ఒరేయ్ చంటీ,

కాలికి కట్టు వేసి ఆరు వారాలు ఇల్లు కదలొద్దన్నారట, నువ్వేమో తెల్లవారుజాము దాకా సిరీస్‌లు చూస్తూ మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తున్నావట, "నువ్వైనా చెప్పు అక్కా, నా మాట వినడం లేదు" అని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. చెప్తానన్నాను గానీ చూడటం మానేయమని మాత్రం చెప్పను. మంచం దిగలేనివాడు సిరీస్ చూడక ఇంకేం చేస్తాడు, వాడికి పుస్తకాలిచ్చి చదువుకోమనే పెద్దమనుషులు ఒక వారం మంచంమీద ఉండి చూస్తే తెలుస్తుంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక నేనూ అదే చేశాను, ఆ రోజుల్లో చూసినవాటిలో కొన్నయితే నిజంగా చాలా బాగున్నాయి. నీతో నాకున్న పేచీ ఒక్కటే. ఎప్పుడు ఆపాలో నువ్వు తేల్చుకోవడం లేదు, ఆ సిరీస్ తేలుస్తోంది.

"ఈ ఎపిసోడ్ అవ్వగానే పడుకుంటా" అంటావు కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఎపిసోడ్ చివరి రెండు నిమిషాలు నువ్వు లేవకుండా ఉండటానికే రాస్తార్రా. తలుపు తెరుచుకుంటుంది, చచ్చిపోయాడనుకున్నవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు, టక్కున పేర్లు పడతాయి. ఇది ఇవాళ్టి విద్య కూడా కాదు. 1980 మార్చిలో డల్లాస్ అనే అమెరికన్ సీరియల్లో సీజన్ ఆఖర్న ముఖ్యపాత్రని ఎవరో తుపాకీతో కాల్చేసి ఆపేశారు, కాల్చిందెవరో చెప్పడానికి నవంబరు దాకా తీసుకున్నారు. చూసేవాళ్లు తిట్టుకుంటూ ఎనిమిది నెలలు ఆగారు, ఆగక ఏం చేస్తారు, చేతిలో ఏముంది? 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ హౌస్ ఆఫ్ కార్డ్స్ మొదటి సీజన్ 13 ఎపిసోడ్లనీ ఒకేరోజు పెట్టేసింది, అక్కణ్ణించి సీజన్ మొత్తం ఒకేసారి వదలడం మామూలైపోయింది. అంటే ఆఖర్న కథకి ముడి వేసి ఆపడం పాతదే, ముడికీ ముడికీ మధ్య ఉండే వారం రోజులు మాత్రం ఎగిరిపోయాయి. ఆ విరామం ఇప్పుడు నువ్వే తెచ్చిపెట్టుకోవాలి.

అందుకని ఎపిసోడ్ చివర ఆపకు, సగంలో ఆపు. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. గమనించి చూడు, చివర్లో వేసిన ముడి తర్వాతి ఎపిసోడ్ మొదటి అయిదు పది నిమిషాల్లో ఎంతో కొంత విడిపోతుంది. తలుపు దగ్గర నిలబడ్డవాడు ఎందుకొచ్చాడో చెప్పేస్తాడు, బాంబు పేలదు, ఫోన్ చేసింది వాళ్ల చెల్లెలే అయి ఉంటుంది. ఆ కాస్తా చూసెయ్, చూసి, ఎవరో ఇద్దరు కూర్చుని తీరిగ్గా మాట్లాడుకునే సీన్ వచ్చాక ఆపెయ్. అక్కడ ఆపడం ఎంత తేలికో నీకే ఆశ్చర్యమేస్తుంది. మర్నాడు అదే చోట మొదలుపెడితే కథలోకి వెళ్లడమూ సులువే. మొదటి రెండు మూడు రోజులు ఏదో వెలితిగా ఉంటుంది, తర్వాత ఎపిసోడ్ అనేది నిన్ను కట్టిపడేసే కొలత కాకుండా పోతుంది.

దీంతోపాటు ఇవాళే చేయాల్సిన పని, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని ఆపెయ్యి. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే నీ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, జాబితా చూస్తుంటే వాటంతటవే ఆడే ప్రివ్యూలను కూడా అక్కడే ఆపుకోవచ్చు. మిగతావాటిలోనూ చాలావరకు ఇలాంటిది ఉంటుంది, కాస్త వెతుక్కో. రిమోట్ నొక్కడం పెద్ద శ్రమేం కాదు, కానీ నొక్కాలంటే ఒక్క క్షణం "చూడాలా?" అని అనుకోవాలి, ఆటోప్లే ఆ క్షణాన్ని కూడా నీకు మిగల్చదు. "ఇంకా చూస్తున్నారా?" అని అడుగుతుంది కదా, దాన్ని అది నీమీద చూపించే జాలి అనుకోకు, ఖాళీ గదిలో టీవీ ఆడుతోందేమోనని అడుగుతుందంతే. అన్నట్టు 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ "మా పోటీ నిద్రతో" అని అన్నాడు, నవ్వుతూ అన్నాడో ఎలా అన్నాడో గానీ మాట మాత్రం నిజమే కదా.

కొత్త సిరీస్ మొదలుపెట్టే ముందు గంటల లెక్క వేసుకో. ఇది ఎవరూ చేయరు. ఫ్రెండ్స్ అనే అమెరికన్ సిరీస్‌లో 236 ఎపిసోడ్లున్నాయి, ఒక్కోటి 22 నిమిషాలనుకుంటే దాదాపు 86 గంటలు. రోజుకు మూడు గంటల చొప్పున చూస్తే నెల రోజుల సరుకు, నీ ఆరు వారాల్లో హాయిగా పడుతుంది. బ్రేకింగ్ బ్యాడ్ 62 ఎపిసోడ్లు, 50 గంటలకు అటూ ఇటూ. ఇలా చూసుకుంటే ఏది ఎన్నాళ్లొస్తుందో తెలుస్తుంది, వారంలో అంతా మింగేసి "ఇంకేం చూడాలి" అని జాబితా పైకీ కిందకీ జరుపుతూ గంటలు పోగొట్టుకునే బాధ ఉండదు. నన్నడిగితే చూడ్డం కన్నా ఆ వెతుకులాటే మనిషిని ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది.

ఒకేసారి చూస్తేనే బాగా గుర్తుంటుందని నువ్వు వాదిస్తావని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. 2017లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్లు ఒకే సీరియల్‌ని కొంతమందికి ఒక్కరోజులో, కొంతమందికి రోజుకొక ఎపిసోడ్, ఇంకొంతమందికి వారానికొకటి చొప్పున చూపించారు. ఒక్కరోజులో చూసినవాళ్లకు మర్నాటికి బాగానే గుర్తుంది, కానీ రోజులు గడిచేకొద్దీ వాళ్లే ఎక్కువ మర్చిపోయారు. అదీ కాక తక్కువ ఆనందించింది కూడా వాళ్లేనట. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని అందరికీ ఇంతే అనలేం గానీ, పోయిన నెల ఆపకుండా చూసిన సిరీస్‌లో పాత్రల పేర్లు నాలుగు చెప్పు చూద్దాం.

ఇక ఒంటి సంగతి. కట్టు కాలు దిండుమీద ఎత్తుగా పెట్టుకునే చూడు, కాలి వేళ్లు కదుపుతూ ఉండు, బాగున్న కాలి మడమని గంటకోసారైనా పైకీ కిందకీ ఆడించు. డాక్టరు వద్దన్న కదలిక మాత్రం ఏదీ చేయకు. ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో, పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, లేదా కట్టు బిగుసుకుపోయినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపిస్తే ఎపిసోడ్ పూర్తయ్యాక చూద్దాంలే అనుకోకు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయించు. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఫోన్లు కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. కదలకుండా పడి ఉన్నప్పుడు కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకొస్తుంది, అందుకే ఇంత చెప్తున్నా. కళ్లకి ఒక లెక్క ఉంది, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా ఇరవై సెకన్లు చూడాలి. తెరవైపు చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువ ఆడిస్తాం, ఆ మంట అందుకే. నీళ్లు తాగడానికి బద్ధకించకు, బాత్రూమ్‌కి లేవడం కష్టమని తాగడం మానేస్తావని నాకు తెలుసు, నేనూ మంచం పట్టినదాన్నే.

రాత్రిపూట ఏం చూస్తున్నావన్నది కూడా ముఖ్యమే. హత్యలు, పోలీసులు, తల నరుక్కోవడాలు పగలు చూసుకో. రాత్రికి నవ్వించేదేదైనా పెట్టుకో, ముందే చూసేసినదైతే మరీ మంచిది, ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు, మధ్యలో నిద్రొచ్చినా పోయేదేం లేదు. వీలైతే చూసే చోటు వేరు, పడుకునే చోటు వేరు పెట్టుకో. మీ ఇంట్లో ముందుగదిలో సోఫా ఉందిగా, పగలంతా అక్కడే ఉండు, అమ్మకి కూడా నీ మొహం కనిపిస్తుంది. ఫోన్‌లో చూడటం మాత్రం వద్దు, మెడ పోతుంది.

నచ్చకపోతే వదిలెయ్యడానికి మొహమాటపడకు. మొదటి ఎపిసోడ్‌ని బట్టే తేల్చెయ్యకు, చాలా సిరీస్‌లకు అది ఛానెల్‌వాళ్లను ఒప్పించడానికి తీసిన నమూనా, తర్వాత తీరే మారిపోవచ్చు. మూడు చూడు. మూడోదానికి కూడా నీ చేయి ఫోన్‌మీదకే పోతోందంటే అది నీకు పట్టలేదని అర్థం, "నాలుగో సీజన్ నుంచి అదిరిపోతుంది" అని ఎవరు చెప్పినా వినకు, అప్పటిదాకా ఎవడు కూర్చుంటాడురా. అలాగే ఒకటిన్నర రెట్ల వేగంతో చూసే అలవాటుంటే మానెయ్. అంత తొందరగా అవగొట్టాలనిపించే సిరీస్‌ని అసలు చూడ్డం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఒక్కడివే చూడకు అని కూడా చెప్పాలి. మీ ఫ్రెండ్ ఎవరో ఒకణ్ణి పట్టుకుని, ఇద్దరూ రోజూ ఒకే టైముకి ఒకే ఎపిసోడ్ మొదలుపెట్టండి, అయ్యాక ఫోన్‌లో పదినిమిషాలు దాన్ని చీల్చి చెండాడండి. ముందుకెళ్లి చూసేయకూడదని ఒప్పందం పెట్టుకోండి. వాడు ఆఫీసుకెళ్లేవాడైతే ఇంకా మంచిది, వాడి కోసమైనా నువ్వు పదకొండింటికి ఆపాల్సి వస్తుంది.

ఇప్పుడు నువ్వు చూస్తున్నదేదో మీ అమ్మకి పేరు పలకడం రాలేదు, "ఏదో జైలు కథ అక్కా" అంది. పేరు మెసేజ్ పెట్టు. నేను చూడనిదైతే కథ మాత్రం చెప్పకు.

మీ పెద్దమ్మ